వినేవాళ్ల కోసం చదవడం

మూడో తరగతి పిల్లవాడు తెలుగు వాచకం తీసి ఒక పేజీ ఆగకుండా చదివితే ఇంట్లో అందరికీ సంతోషం. 'మావాడు గడగడా చదివేస్తాడండీ' అని చుట్టాలతో చెప్పుకుంటారు. బడిలోనూ అంతే. గట్టిగా, వేగంగా, తడబడకుండా చదివితే మంచి మార్కు. అలా చదివిన పిల్లవాడి చేత పుస్తకం మూయించి 'అవ్వ ఎందుకు ఏడ్చిందిరా?' అని అడిగితే మాత్రం చాలాసార్లు జవాబు రాదు. ఏడ్చే అవ్వ మాటలూ నవ్వే మనవడి మాటలూ ఒకే గొంతుతో సాగిపోయినప్పుడే ఆ సంగతి మనం పసిగట్టాల్సింది. భావయుక్తంగా చదవడం అనేది చదువు వచ్చేశాక పైన అద్దే మెరుగు అని మనలో చాలామంది నమ్మకం. ఈ విషయం మీద పాతకాలం నుంచి నేటిదాకా సాగిన ఆలోచననూ పరిశోధననూ ఒకచోట పెట్టి చూస్తే ఆ నమ్మకం నిలవదు. భావం పలకడం చదువులో మొదటినుంచీ ఉండాల్సిన భాగం. ఎవరికైనా వినిపించాలన్న అవసరం ఉన్నప్పుడు అది వస్తుంది. మన తరగతి గదుల్లో లోటు ఆ వినేవాళ్లదే.

ఈ ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. పాణినీయ శిక్ష అని పేరుపడిన చిన్న గ్రంథం మంచి పాఠకుడి గుణాలు ఆరు, చెడ్డ పాఠకుడి లక్షణాలు ఆరు లెక్కగట్టింది. గొంతులో తీపి, అక్షరాల్లో స్పష్టత, ఏ పదానికాపదం విడిగా వినిపించడం, మంచి స్వరం, బెదురు లేకపోవడం, లయ తప్పకపోవడం గుణాలు. రాగం తీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపుతూ చదివేవాడు, రాసింది చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు పెగలనివాడు అధములు. నోటికి రావడమే చదువైన కాలం కాబట్టి పుస్తకం చూడటం తప్పయింది. దాన్ని పక్కన పెడితే మిగతా అయిదూ ఇవాళ ఏ ప్రాథమిక పాఠశాలలోనైనా వినిపించేవే. తొందరనూ అర్థం తెలియకపోవడాన్నీ ఒకే వరసలో నిలబెట్టడం గమనించాలి. గడగడా చదవడాన్ని ఆ పెద్దలు గొప్పగా చూడలేదు.

వీధిబడిలో పంతులుగారు ఒక ముక్క చెబితే పిల్లలంతా అందుకుని వల్లె వేసేవాళ్లు. ఎక్కాలు, శతకాలు, అమరకోశం అన్నీ గొంతు మీదుగానే నడిచాయి. బట్టీ అని దాన్ని తేలిగ్గా తీసిపారేస్తాం గానీ, ముందు చెవిన పడ్డాకే కంటికి ఆనడం అన్న మంచి క్రమం అందులో ఉంది. చిక్కల్లా ఆ పలికే భాషతోనే. అది ఇంట్లో మాట్లాడే తెలుగు కాదు. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, వాళ్లకు తోడుగా పాఠశాలల తనిఖీ అధికారి యేట్స్ వాడుక భాష కోసం పట్టుబట్టింది ముఖ్యంగా బడి చదువును దృష్టిలో పెట్టుకునే. తాను పుట్టి ఎన్నడూ పలకని క్రియారూపాలతో ఒక పిల్లవాడు కోపాన్నీ జాలినీ ఎలా పలికిస్తాడు? వాచకాల్లోకి వాడుక తెలుగు రావడం కంటే భావయుక్త పఠనానికి జరిగిన పెద్ద మేలు మరొకటి లేదని నా అభిప్రాయం. అయితే భాష మారినా, మూకుమ్మడిగా తీసే ఆ రాగం బడిని వదిలిపోలేదు.

ఇంగ్లిషు దేశాల్లో కథ వేరుగా నడిచింది. నటుడు థామస్ షెరిడన్ 1762లో వాక్పటిమ మీద తన ఉపన్యాసాలు అచ్చువేశాడు. పైకి చదవడం అక్కడ అప్పుడు గొప్ప విద్య. 1836లో మొదలైన మెక్‌గఫీ వాచకాలు అమెరికా పిల్లలకు గొంతు పెంచడం, తగ్గించడం, ఒత్తి పలకడం పాఠాలుగా నేర్పాయి. పోనుపోను అది చేతులు తిప్పే ప్రదర్శనగా మారి వెగటు పుట్టించింది. 1908లో ఎడ్మండ్ హ్యూయీ పఠన మనస్తత్వం మీద రాసిన పుస్తకంలో, జీవితంలో మనిషి చదివేదంతా మౌనంగానే కదా, బడి పైకి చదివించడానికి ఇంత పట్టుబట్టడం ఎందుకని అడిగాడు. తర్వాత చాలాకాలం మౌన పఠనానిదే పైచేయి. పైకి చదివించడం తప్పులు పట్టుకునే సాధనంగా మాత్రం మిగిలింది.

మళ్లీ గాలి తిరిగింది 1970ల్లో. మనసుకు ఉండే ధ్యాస కొద్దిపాటిదనీ, అక్షరాలు పోల్చుకోవడానికే అది ఖర్చయిపోతే అర్థానికి మిగలదనీ లాబెర్జ్, శామ్యూల్స్ అనే పరిశోధకులు 1974లో ప్రతిపాదించారు. చిన్న పాఠాన్ని పట్టు చిక్కేదాకా మళ్లీమళ్లీ చదివించే పద్ధతిని శామ్యూల్స్ 1979లో వివరించాడు. మరుసటి ఏడాది పీటర్ ష్రైబర్ ఇంకో అడుగు వేశాడు. మాట్లాడేటప్పుడు వినిపించే విరుపులు, సాగదీతలు, స్వరంలో ఎత్తుపల్లాలు అచ్చులో ఉండవు. వాటిని చదివేవాడే సమకూర్చుకోవాలి. మళ్లీమళ్లీ చదివినప్పుడు పిల్లవాడికి చిక్కేది వేగం ఒక్కటే కాదు, ఏ మాట ఏ మాటతో కలుస్తుందన్న ఎరుక కూడా. పెద్దల సాయంతో పైకి పదేపదే చదివించడం వల్ల ధారాళతా అర్థగ్రహణమూ రెండూ బాగుపడతాయని 2000లో అమెరికా నేషనల్ రీడింగ్ ప్యానెల్ తేల్చడంతో ఈ వాదానికి బలం వచ్చింది. కానీ వేగాన్ని కొలవడం తేలిక, భావాన్ని కొలవడం కష్టం. అందువల్ల బడులు స్టాప్‌వాచీని పట్టుకుని ష్రైబర్‌ను వదిలేశాయి.

భావం పలికితే అర్థం తెలుస్తుందా, అర్థం తెలిస్తే భావం పలుకుతుందా? ఈ రంగంలో ఇంకా తెగని చిక్కు ఇదే. మిల్లర్, ష్వానెన్‌ఫ్లూగల్ అనే పరిశోధకులు మూడో తరగతి పిల్లల గొంతులు రికార్డు చేసి, స్వరాన్ని యంత్రంతో కొలిచి 2006లో ఫలితాలు ప్రకటించారు. పెద్దల స్వరంలా ఎక్కడ లేవాలో అక్కడ లేచి, ఎక్కడ దిగాలో అక్కడ దిగిన పిల్లలు అర్థగ్రహణంలోనూ ముందున్నారు. వేగాన్ని లెక్కలోంచి తీసేసినా ఆ సంబంధం నిలిచింది. ఇంకా చిన్న తరగతుల నుంచి పిల్లల వెంట నడిచి చేసిన రెండో అధ్యయనం 2008లో వచ్చింది. అనవసరమైన చోట్ల ఆగడం ముందు తగ్గుతుందనీ, ఆ తర్వాత స్వరం కుదురుతుందనీ, అలా కుదిరినవాళ్లు పై తరగతిలో బాగా అర్థం చేసుకుంటారనీ అది సూచించింది. రెండూ ఒకదాన్నొకటి లాక్కుపోతాయని నాకనిపిస్తుంది. బడికి కావలసింది కూడా అంతే. అర్థం వచ్చేదాకా భావాన్ని ఆపి ఉంచనక్కర్లేదు, భావం వచ్చేదాకా అర్థాన్నీ ఆపనక్కర్లేదు.

అయితే ఈ పరిశోధనలో చాలాభాగం ఇంగ్లిషు పిల్లలది. తెలుగుకు వచ్చేసరికి కొన్ని లెక్కలు మారతాయి. మొదటిది లిపి. గుణింతాలు, ఒత్తులు కలిపి మన పిల్లలు గుర్తుపట్టాల్సిన ఆకారాలు వందల్లో ఉంటాయి. మన లిపికి దగ్గరి చుట్టమైన కన్నడంలో సొనాలీ నాగ్ చేసి 2007లో ప్రచురించిన అధ్యయనం, అక్షరాలన్నీ పట్టుబడటం నాలుగో తరగతిలో కూడా సాగుతూనే ఉంటుందని చూపింది. అంటే కూడబలుక్కుంటూ చదివే దశ మన పిల్లలకు సహజంగానే ఎక్కువకాలం ఉంటుంది. అది మందబుద్ధి కాదు. ఆ దశ దాటాకే భావం సంగతి చూద్దామనుకుంటే నాలుగేళ్లు నిర్జీవంగా చదవడమే అలవాటైపోతుంది.

రెండోది వాక్యం. మన క్రియ చివర వస్తుంది. వాక్యం మొదలుపెట్టిన పిల్లవాడికి అది ఎటు పోతుందో చివరిదాకా తెలియదు. గొంతు ఒక మాట దగ్గర ఉన్నప్పుడు కన్ను ఎంత ముందుకు పరుగెత్తుతుందో గై బజ్వెల్ 1920లో షికాగోలో కొలిచి చూశాడు. నేర్పరి పాఠకుల కన్ను గొంతు కంటే చాలా ముందుంటుందని తేలింది. తెలుగులో ఆ ముందుచూపు అవసరం మరీ ఎక్కువ. 'నువ్వు మాతో రావా' అని ఉందనుకోండి. బతిమాలిందో, కసిరిందో, నివ్వెరపోయిందో ఆ తర్వాత వచ్చే 'అని' దాటితే గానీ తెలియదు. కన్ను అక్కడిదాకా ముందే వెళ్లి రాకపోతే గొంతు ఆ రంగు ఎక్కడినుంచి తెచ్చుకుంటుంది? అందుకే తెలుగులో మొదటిసారి చూసిన పాఠాన్ని వెంటనే పైకి చదవమనడం అన్యాయం. ముందు ఒకసారి మౌనంగా చూసుకోనివ్వాలి.

ఒక వాక్యాన్ని దగ్గరగా చూద్దాం. 'చీకటి పడేసరికి అవ్వ లాంతరు వెలిగించి గుమ్మంలో కూర్చుని మనవడి కోసం ఎదురుచూస్తోంది.' పుస్తకంలో 'గుమ్మంలో' దగ్గర లైను అయిపోయిందనుకోండి. తరగతిలో తరచు వినిపించే చదువు ఇలా ఉంటుంది: చీకటి — పడేసరికి అవ్వ — లాంతరు — వెలిగించి గుమ్మంలో — కూర్చుని మనవడి — కోసం ఎదురుచూస్తోంది. ఒక్క అక్షరం తప్పుపోలేదు, కానీ అవ్వ మాయమైంది. ఇదే పిల్లవాడు ఇంట్లో అమ్మతో ఈ సంగతి చెబితే 'పడేసరికి' తర్వాత కాస్త, 'వెలిగించి' తర్వాత కాస్త, 'కూర్చుని' తర్వాత మరికాస్త ఆగుతాడు. ఎవరూ నేర్పకుండానే ఆగుతాడు. తెలుగు వాక్యంలో ఊపిరి తీసుకునే చోట్లు చాలావరకు అసమాపక క్రియల దగ్గరే ఉంటాయి. కామాలు అచ్చుతోపాటు తర్వాత వచ్చినవి. పై తరగతుల్లో క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం అంటూ పరీక్ష కోసం నిర్వచనాలు వల్లె వేయించే వ్యాకరణం నిజానికి రెండో తరగతి పిల్లవాడి ఊపిరిలోనే ఉంది. పేర్లు అక్కర్లేదు. 'ఎక్కడ ఆగితే బాగుంది?' అని అడిగి, పెన్సిలుతో అక్కడ చిన్న గీత పెట్టుకోమంటే చాలు. లైను చివర ఆగే అలవాటు ఈ గీతలతో తొందరగా వదులుతుంది.

ఒత్తి పలకడానికి కూడా తెలుగు స్వయంగా చేయూతనిస్తుంది. 'పుస్తకం నేనే తెచ్చాను', 'పుస్తకం నేను కూడా తెచ్చాను', 'పుస్తకం నేను తెచ్చానా'. బరువు ఎక్కడ వేయాలో చివరనున్న చిన్న చిన్న ముక్కలే చెప్పేస్తున్నాయి. పిల్లవాడు ఆ ముక్కలను మిగతా అక్షరాలతో సమానంగా తొక్కుకుంటూ పోకుండా చూడటం మాస్టారి పని.

ఇక కొలత. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి అక్షరాలు, మాటలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ పైకి చదివిస్తారు. 2022లో గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగినవాళ్లు నూటికి 20 మందికి కాస్త ఎక్కువ, 2024లో సుమారు 27 మంది. ఈ అంకెలు చూసి 'అక్షరాలే రానివాళ్లకు భావమేమిటి' అనేవాళ్లున్నారు. కానీ అదే సర్వే, మాటలు విడివిడిగా ఏరుకున్నట్టు కాకుండా వాక్యాన్ని వాక్యంలా చదివితేనే పై మెట్టుకు చేరినట్టు లెక్కిస్తుంది. 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతికి కనీసం 60 మాటలు అని ఉంది. అర్థం చేసుకుంటూ చదవాలని కూడా ఆ లక్ష్యాల్లోనే ఉంది. బడిదాకా వచ్చేసరికి అంకె నిలిచి అర్థం జారిపోతుంది. పైగా 'వెళ్లలేకపోతున్నారు' అన్నది మనకు ఒకే మాట. మాటల లెక్కతో తెలుగు పిల్లవాణ్ణీ హిందీ పిల్లవాణ్ణీ ఒకే గీత మీద నిలబెట్టడం కుదరదు. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ చేసిన పునాది అభ్యసన అధ్యయనం ఇరవై భాషలకు వేర్వేరుగా ప్రమాణాలు పెట్టడం సరైన అడుగు. గొంతు విని మాటలు సరిచూసే రీడ్ అలాంగ్ లాంటి ఫోను యాప్‌లు తెలుగులోనూ వచ్చాయి. ఒంటరిగా సాధన చేసుకునే పిల్లలకు ఉపయోగమే. అవి మాట తప్పిందా లేదా అని చూస్తాయి. అవ్వ ఏడ్చిందని ఆ గొంతులో తెలిసిందా అన్నది మనిషే చూడాలి.

దానికి ఒక తేలికైన కొలబద్ద ఉంది. అమెరికాలో నాలుగో తరగతి పిల్లల కోసం 1990ల్లో వాడిన నాలుగు మెట్ల పట్టిక అది. మాటమాటకీ ఆగేవాడు మొదటి మెట్టు, రెండేసి మాటలు కలిపేవాడు రెండు, మూడు నాలుగు మాటల పదబంధాలుగా చదివేవాడు మూడు, పెద్ద పదబంధాలతో భావం తెలిసేలా చదివేవాడు నాలుగు. తెలుగులో మాటల సంఖ్య కొంచెం సవరించుకుంటే స్టాప్‌వాచీ లేకుండా ఏ టీచరైనా దీన్ని వాడుకోవచ్చు.

పద్ధతుల సంగతికి వస్తే, మన దగ్గర బాగా పాతుకుపోయినదే అన్నిటికంటే బలహీనమైనది. ఒక్కొక్కరూ లేచి ఒక్కో పేరా చదవడం. తన వంతు వచ్చేదాకా పిల్లవాడు ఏం చేస్తాడో వెనక బెంచీలో కూర్చుని చూస్తే తెలుస్తుంది. వేలితో పేరాలు లెక్కపెట్టుకుని తనదేదో కనిపెట్టి, దాన్నే లోలోపల గొణుక్కుంటూ ఉంటాడు. చదివేవాడి మాట ఎవరూ వినరు. అందరి ముందూ అదే పుస్తకం తెరిచి ఉంది, వినాల్సిన అవసరమేముంది? తప్పు పలికిన వెంటనే టీచరూ తోటిపిల్లలూ అందుకుని సరిదిద్దడంతో వాక్యం మధ్యలో తెగిపోతుంది. పిల్లవాడు తానే వెనక్కు వెళ్లి దిద్దుకునేంత వ్యవధి ఇస్తే, చాలా తప్పులు తానే పట్టుకుంటాడు.

డీఎడ్, బీఎడ్‌లలో నేర్పే వరస చక్కగానే ఉంది. ముందు ఉపాధ్యాయుడి ఆదర్శ పఠనం, తర్వాత పిల్లల ప్రకాశ పఠనం, అంటే పైకి చదవడం, ఆపైన మౌన పఠనం. కాగితం మీద. పాఠ్యప్రణాళికలో రాసే ఆదర్శ పఠనం తరగతిలో తరచు రెండు నిమిషాల లాంఛనంగా మిగిలిపోతుంది. టీచరు ముందుగా సాధన చేసి, కథలో మునిగి చదివితే పిల్లలు ఎలా అతుక్కుపోతారో విద్యావేత్త గిజుభాయి బధేకా తన 'పగటికల'లో చూపించాడు. అల్లరి తరగతిని దారికి తెచ్చింది అందులో కథే. చదివి ఊరుకోకుండా 'ఇక్కడ నేను గొంతు ఎందుకు తగ్గించాను?' అని ఒక్క ప్రశ్న వేస్తే అదే పాఠమవుతుంది. టీచరు ఒక వాక్యం చదవగానే పిల్లలు అదే విరుపుతో అందుకోవడం, అందరూ కలిసి చదవడం చిన్న తరగతులకు మంచివి. నత్తి ఉన్న పిల్లలకు కలిసి చదివేటప్పుడు మాట సులువుగా వస్తుందన్నది బాగా తెలిసిన విషయమే, వాళ్లకు అదొక రక్షణ. కాకపోతే కలిసి చదవడం నెమ్మదిగా ఏకరాగంలోకి జారుతుంది. కొన్ని నిమిషాలకు మించనివ్వకూడదు.

ఒకే పాఠాన్ని పదేపదే చదివించాలా, రకరకాల పాఠాలు చదివించాలా అన్న మీమాంసలో, సాయం అందుతూ ఉంటే ఎక్కువ పాఠాలు చదవడం కూడా పదేపదే చదివినంత మేలు చేస్తుందని మెలనీ కూన్ బృందం పరిశోధనలు చెప్పాయి. మన బడుల్లో పుస్తకాలు తక్కువన్న మాట ఇదివరకు నిజం. 2015లో ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్ వచ్చాక తెలుగు కథలు ఉచితంగా దొరుకుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చేపట్టిన 'చదవడం మాకిష్టం', తెలంగాణలో 2022లో మొదలైన 'తొలిమెట్టు' బడి చూపును చదివించడం వైపు తిప్పాయి.

నాకు అన్నిటికంటే నచ్చినది పాత్రలుగా పంచుకుని చదవడం. తిమోతీ రసిన్‌స్కీ అమెరికాలో దీనికి బాగా ప్రచారం తెచ్చాడు. వేషాలుండవు, కంఠస్థం ఉండదు, తెరలుండవు. చేతిలో కాగితం పట్టుకుని గొంతుతోనే కథ నడిపించాలి. మళ్లీమళ్లీ చదవడానికి ఇక్కడ నిజమైన కారణముంది, శుక్రవారం అందరి ముందూ వినిపించాలి. రేడియో నాటకాలు విని పెరిగిన తెలుగువాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి ఆకాశవాణి బాలల కార్యక్రమాల్లో పిల్లల గొంతులకు నేర్పింది ఇదే. వినేవాళ్ల దగ్గర పుస్తకం లేదు కాబట్టి చెప్పేది గొంతే చెప్పాలి. బడి ఆవరణలోనే అంగన్‌వాడీ ఉన్నచోట నాలుగో తరగతి పిల్లలు వెళ్లి చిన్నవాళ్లకు కథ చదివి వినిపించడం చూశాను. పులి మాట్లాడే చోట ఒక పాప అప్పటిదాకా లేని గొంతు తెచ్చుకుంది. ఎదురుగా ఉన్న పిల్లాడు వెనక్కు జరిగాడు, ఆ పాప ఇంకొంచెం గొంతు దించింది. తరగతిలో ఆ పాప చదువు మామూలే. తడబడుతూ చదివే పెద్ద పిల్లలకు ఇంకో మేలు: చిన్నపిల్లల కోసం తేలిక పుస్తకం చదవడంలో చిన్నతనం అనిపించదు.

పద్యం దగ్గర మన చిక్కు మరోరకం. 'రాగయుక్తంగా, భావయుక్తంగా చదవండి' అని వాచకాలు రెండు మాటలూ కలిపి రాస్తాయి. తరగతిలో మొదటిది రెండోదాన్ని మింగేస్తుంది. పౌరాణిక నాటక పద్యం మనకు గొప్ప వారసత్వం, కానీ పదేళ్ల పిల్లవాడు ఆ రాగాలాపనను అనుకరిస్తే మాట వినపడదు. పైగా వృత్తపద్యాల్లో తరచు మాట ఒక పాదంలో మొదలై తర్వాతి పాదంలో ముగుస్తుంది. పాదం చివర ఆగితే మాట విరిగిపోతుంది. వేమన ఆటవెలదుల్లో పాదమూ అర్థమూ చాలావరకు కలిసి నడుస్తాయి కాబట్టి మొదలుపెట్టడానికి అవే అనువు. వృత్తాలకు వచ్చాక ముందు వచనంలా, అర్థం విరుపులతో ఒకసారి చదివించి, ఆ తర్వాతే రాగం ఎత్తుకోమనాలి.

యాస సంగతి కూడా ఇక్కడిదే. శ్రీకాకుళం పిల్లదాని స్వరం లేచే తీరు, అనంతపురం పిల్లవాడిది, కరీంనగర్ పిల్లవాడిది ఒకటి కావు. భావయుక్తంగా చదవడం అంటే టీవీ వార్తల గొంతు తెచ్చుకోవడం కాదు. యాసను తప్పుగా దిద్దితే పిల్లవాడికి తెలిసిన ఒక్క స్వరమూ పోతుంది. సవర, కోయ, గోండి పిల్లలకు తెలుగే రెండో భాష. గిడుగు వందేళ్ల కిందటే సవర పిల్లల కోసం సవర భాషలో వాచకాలు రాశాడు. ఇంటి భాషలో కథ విని, చెప్పి, ఆ తర్వాత తెలుగులో చదివితే వాళ్లకూ భావం పలుకుతుంది. అమెరికాలో 2007లో మొదలైన, తెలుగు నేర్పే మనబడి లాంటి తరగతుల్లో చదివే పిల్లలకు వేరే ఇబ్బంది. అక్షరాలు చక్కగా వస్తాయి, స్వరం మాత్రం ఇంగ్లిషు వాక్యంలా లేచి దిగుతుంది. వాళ్లకు కావలసింది వినికిడి. వీడియో కాల్‌లో అమ్మమ్మ కథ చదివితే వాళ్లు వెంట చదవడం, తర్వాత వాళ్లు చదివితే అమ్మమ్మ వినడం.

ఇన్నిటి మధ్య పెద్దగా ఎవరూ పట్టించుకోనిది టీచర్ల చదువు. ఉపాధ్యాయ శిక్షణలో పిల్లల ప్రకాశ పఠనాన్ని ఎలా మదింపు చేయాలో నేర్పుతాం గానీ, రేపు ఆదర్శ పఠనం చేయాల్సిన ఛాత్రోపాధ్యాయుడు స్వయంగా ఎలా చదువుతున్నాడో కూర్చుని వినే ఏర్పాటు బలంగా లేదు. డైట్ కళాశాలల్లో వారానికి ఒక గంట దీనికి కేటాయించాలి. ఒకరు కథ చదవాలి, మిగిలినవాళ్లు పుస్తకాలు మూసి వినాలి, విన్నవాళ్లలో ఒకరు లేచి ఆ కథ తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే లోపం ఎవరిదో ఇద్దరూ కలిసి వెతకాలి. పాఠశాలలో కూడా ఇదే పరీక్ష పనికొస్తుంది. నెలకోసారి ఒక్కో పిల్లవాడి గొంతు టీచరు ఫోనులో రికార్డు చేసి ఉంచితే, జూన్‌లో ఎక్కడ ఆగాడో మార్చిలో ఎక్కడ ఆగాడో తల్లిదండ్రుల సమావేశంలో వినిపించవచ్చు. తెలుగు పిల్లల పఠన స్వరం మీద రావాల్సిన పరిశోధనకు కూడా అలాంటి రికార్డింగులే ముడిసరుకు.